మెరుపు – మెరుగు: వెండి స్మారక నాణేల స్థితి నిర్ణయంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

మన దేశంలో నాణెపు పరీక్ష చిరకాలం లోహశుద్ధిని, తూకాన్ని ఆధారం చేసుకొని సాగింది. చెలామణి కోసం కాక జ్ఞాపకార్థం ముద్రించిన వెండి నాణేల విషయంలో ఆ కొలబద్ద చాలదు. వాటి విలువను నిర్ణయించేది ఉపరితలం నిలిచి ఉన్న తీరు. ఈ మార్పు ఎలా వచ్చిందో, 1969 నాటి గాంధీ శతజయంతి వెండి నాణెం ఆధారంగా స్థితిని ఎలా నిర్ణయించాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముద్రణతో వచ్చిన మెరుపునూ తరువాత పెట్టిన మెరుగునూ వేరు చేయడమే ఈ పరీక్షకు కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నాణకపరీక్ష, స్మారక నాణెం, అరుగుదల, మెరుపు, మెరుగు, బట్టా, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

మా ఇంట్లో రెండు గాంధీ నాణేలు ఉన్నాయి. రెండూ 1969లో మహాత్ముని శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం విడుదల చేసిన పది రూపాయల వెండి నాణేలే. ఒకటి నాయనమ్మగారి పూజామందిరంలో లక్ష్మీదేవి పటం ముందు ఉండేది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు దాన్ని చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, తెల్లగా చేసి కలశం దగ్గర పెట్టేవారు. రెండవది తాతగారి ఇనప్పెట్టెలో కాగితపు పొట్లంలో ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఇప్పుడది అంచుల దగ్గర నీలం, ఊదా కలిసిన నలుపురంగుకు తిరిగింది. ఇటీవల వీటిని అమ్మే ప్రస్తావన వచ్చినప్పుడు ఒక వెండి వ్యాపారి రెండింటినీ ఒకే తక్కెడలో వేసి, వెండి పాలు లెక్కగట్టి ధర చెప్పారు. నల్లబడిన నాణేనికి శుభ్రం చేసే ఖర్చు పేరిట కొంత తగ్గించారు కూడా.

ఆ వ్యాపారి లెక్క తప్పు కాదు. ఆయన చేసినది వెండి పరీక్ష. దానికి ఈ దేశంలో దీర్ఘమైన చరిత్ర ఉంది. అయితే నాణేల స్థితిని చదవగలిగినవారు ఆ రెండింటినీ చూస్తే తీర్పు తారుమారవుతుంది. నల్లబడినదే మేలైన నాణెం, తెల్లగా మెరిసేది దెబ్బతిన్న నాణెం అంటారు. ఒకే వస్తువుపై ఈ రెండు తీర్పులు ఎందుకు వస్తున్నాయి? రెండవ తీర్పు వెనుక ఉన్న పద్ధతి ఏది? అది ఎంతవరకు నమ్మదగినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగు సాహిత్య విద్యార్థిగా ఈ విషయంలోకి రావడానికి మరో కారణం ఉంది. నాణెపు పరీక్షకు సంబంధించిన పదజాలం మన భాషలో విలువను గురించి మాట్లాడే పదజాలంతో పెనవేసుకొని ఉంది. ప్రాచీన ప్రతిని పరిష్కరించేవారికి ఎదురయ్యే చిక్కులే ప్రాచీన నాణేన్ని పరీక్షించేవారికీ ఎదురవుతాయి.

2. లోహాన్ని తూచిన కాలం

సంస్కృతంలోని 'నాణక' శబ్దం నుంచి మన 'నాణెం' వచ్చింది. దానితో ముడిపడినవే నాణ్యం, నాణ్యత. గుణానికి మనం వాడే మాటలోనే నాణెం ఉందన్నమాట. బంగారపు శుద్ధిని చెప్పే 'వన్నె' నుంచి వన్నె తరగడం, వన్నెకెక్కడం వచ్చాయి. కంసాలి చేతిలోని గీటురాయి ఈనాడు సాహిత్య విమర్శలో ప్రమాణానికి పర్యాయపదమైంది. చెల్లుబాటు, చెల్లని కాసు అన్న మాటలు మనుషులకూ మాటలకూ వర్తిస్తున్నాయి. ఈ పదాలన్నింటిలోనూ ఒక ఊహ సమానంగా ఉంది: విలువ లోపల ఉంటుంది, గీచి చూస్తేనో తూచి చూస్తేనో బయటపడుతుంది.

ధర్మశాస్త్రాలలో ఈ పరీక్షకు చట్టబద్ధమైన స్థానం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో టంకశాలను చూసే లక్షణాధ్యక్షుడు, నాణేలను పరీక్షించే రూపదర్శకుడు వేర్వేరు అధికారులు. నాణెం తయారుచేసేవాడు, దాన్ని పరీక్షించేవాడు ఒక్కరే కాకూడదన్న ఎరుక ఈ విభజనలో కనిపిస్తుంది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేసింది. మంచి నాణేన్ని చెడ్డదని, చెడ్డదాన్ని మంచిదని చెప్పిన నాణకపరీక్షికి ఉత్తమసాహసం, అంటే అత్యధిక జరిమానా, విధించాలని అది శాసించింది. ఇక్కడ శిక్షార్హమైనది దొంగనాణెం చేయడం కాదు, తప్పు తీర్పు చెప్పడం. పరీక్షకుని మాటపైనే ఇచ్చిపుచ్చుకోవడాలు నడిచే సమాజంలో అతని అబద్ధాన్ని చిన్న నేరంగా చూడలేదు. ఈ విషయం వ్యాసం చివరి భాగంలో మళ్లీ అవసరమవుతుంది.

మధ్యయుగాలలోనూ కంపెనీ పాలన తొలినాళ్లలోనూ ఈ పని షరాబులది. వారు నాణేన్ని తూచి, మోగించి, అవసరమైతే చిన్న ముద్ర కొట్టి, గాటు పెట్టి చూసేవారు. అరిగిన నాణేనికీ పాతబడిన నాణేనికీ విలువలో కోత పెట్టేవారు. ఈ కోతకు బట్టా అని పేరు. బెంగాలులో కొత్తగా ముద్రించిన సిక్కా రూపాయికి నిండు విలువ ఉండేది. ముద్రించిన సంవత్సరం గడిచేకొద్దీ, అరిగినా అరగకపోయినా, బట్టా పడేది. ఈ చిక్కును తప్పించడానికి ఈస్టిండియా కంపెనీ విచిత్రమైన ఉపాయం చేసింది. షా ఆలం పేరిట ముద్రించే రూపాయలపై పాలనా సంవత్సరాన్ని 19 దగ్గరే నిలిపివేసి, ఏళ్లు గడిచినా అదే అంకెతో ముద్రిస్తూ పోయింది. పాతదనం నాణేనికి దోషమైన కాలం అది. పాతదనమే విలువకు కారణమైన ఈనాటి సేకరణ లోకం దానికి సరిగ్గా తలకిందులు.

1835 చట్టం కంపెనీ రూపాయిని 180 గ్రెయిన్ల తూకానికి, పన్నెండింట పదకొండు పాళ్ల వెండికి స్థిరపరచింది. 180 గ్రెయిన్లంటే ఒక తులం, అంటే 11.66 గ్రాములు. రూపాయి బిళ్లనే తూకపురాయిగా వాడిన వాడుక ఇక్కడిదే. 1906 నాణేల చట్టం ప్రకారం రూపాయి తన ప్రామాణిక తూకంలో రెండు శాతానికి మించి కోల్పోతే చట్టబద్ధమైన చెల్లుబాటు పోయేది. చట్టం దృష్టిలో నాణేనికి రెండే స్థితులు: చెల్లేది, చెల్లనిది.

నిజాం రాజ్యంలో ఈ లోహదృష్టి రోజువారీ వ్యవహారంలోకి ఎంతగా ఇంకిందో చూడవచ్చు. తెలంగాణ ప్రజలు హైదరాబాదు రూపాయిని హాలీ సిక్కా అని, బ్రిటిషు రూపాయిని కల్దార్ అని వ్యవహరించేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలన్నది రమారమి మారకపు లెక్క. చార్మినారు బొమ్మతో వచ్చిన హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు, అంటే సుమారు 9.14 గ్రాములు. కల్దార్‌లో వెండి సుమారు 10.69 గ్రాములు. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.17 వస్తుంది; ఏడును ఆరుతో భాగించినా దాదాపు అంతే. సంతలో సామాన్యుడు పలికే మారకపు ధర వెనుక వెండి పాళ్ల లెక్క ఉందని దీనివల్ల స్పష్టమవుతుంది. మా నాణేలను తక్కెడలో వేసిన వ్యాపారి ఈ సంప్రదాయానికి వారసుడు.

3. జ్ఞాపకార్థం పుట్టిన నాణెం

స్మారక నాణెం ఈ సంప్రదాయాన్ని ఇబ్బందిపెట్టే వస్తువు. దానిపై ధర ముద్రించి ఉంటుంది. అయినా అది సంతకు పోవడానికి పుట్టలేదు. దాచుకోవడానికి పుట్టింది.

ఈ ద్వంద్వస్వభావానికి తొలి ఉదాహరణలలో ఒకటి అమెరికాలో కనిపిస్తుంది. కొలంబస్ యాత్రకు నాలుగువందల ఏళ్లు నిండిన సందర్భంగా షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం 1892, 1893 సంవత్సరాలలో అర డాలరు వెండి నాణేలను ముద్రించారు. అది ఆ దేశపు మొదటి స్మారక నాణెం. తూకం 12.5 గ్రాములు, వెండి నూటికి తొంభై పాళ్లు. అర డాలరు నాణేన్ని ప్రదర్శనలో ఒక డాలరుకు అమ్మారు. ముద్రించినన్ని అమ్ముడుపోలేదు. మిగిలినవాటిలో కొన్నింటిని కరిగించారు, చాలావాటిని ముఖవిలువకే చెలామణిలోకి వదిలారు. అందువల్ల ఈనాడు దొరికే కొలంబస్ నాణేలలో రెండు జాతులు ఉన్నాయి: పెట్టెలలో దాగి కొత్తగా నిలిచినవి, జేబులలో తిరిగి అరిగినవి. ముద్ర ఒకటే, లోహం ఒకటే, తూకంలోనూ పెద్ద తేడా లేదు. బతికిన బతుకు వేరు. ఈ తేడాను చెప్పడానికి షరాబు పదజాలం చాలదు.

స్వతంత్ర భారతదేశంలో స్మారక నాణేలు 1964లో నెహ్రూ మరణానంతరం మొదలయ్యాయి. అవి నికెల్‌తో చేసిన రూపాయి, అర్ధరూపాయి. వెండి స్మారక నాణెం 1969లో గాంధీ శతజయంతికి వచ్చింది. ఇరవై పైసలు, యాభై పైసలు, రూపాయి నాణేలను సాధారణ లోహాలతో చెలామణికి వదిలి, పది రూపాయల నాణేన్ని మాత్రం వెండితో ముద్రించారు. దాని తూకం 15 గ్రాములు, వ్యాసం 34 మిల్లీమీటర్లు, వెండి నూటికి ఎనభై పాళ్లు. అంటే ఒక్కో నాణెంలో 12 గ్రాముల వెండి ఉంటుంది. దానిపై 1969 అన్న అంకె ఎక్కడా కనిపించదు. మహాత్ముని జననమరణ సంవత్సరాలు 1869–1948 మాత్రమే ఉంటాయి. ఆ అంకెలను చూసి దాన్ని 1948 నాటి నాణెమని పొరబడేవారు ఉంటారు. సంవత్సరాల కింద చిన్న వజ్రాకారపు గుర్తు ఉంటే బొంబాయి టంకశాలది, లేకుంటే కలకత్తాది. కలకత్తాలో ముద్రించినవి తక్కువ. అయితే అది అరుదుతనానికి సంబంధించిన విషయం, స్థితి వేరు. ఈ రెండింటినీ కలిపివేయడం పరీక్షలో తొలి పొరపాటు.

ఆహార, వ్యవసాయ సంస్థ పిలుపును గుర్తుచేస్తూ 1970, 1971లలో వచ్చిన పది రూపాయల నాణేలలో కూడా వెండి నూటికి ఎనభై పాళ్లే. స్వాతంత్ర్య రజతోత్సవపు 1972 నాణెం నుంచి వెండి సగానికి తగ్గింది. తరువాతి దశాబ్దాలలో వచ్చిన వందరూపాయల నాణేలు 35 గ్రాముల తూకంతో, 44 మిల్లీమీటర్ల వ్యాసంతో పెద్దవిగా కనిపించినా వాటిలో వెండి సగమే. మిగిలినది రాగి, నికెల్, తుత్తునాగం. పరిమాణాన్ని చూసి వెండిని ఊహించరాదని దీనివల్ల తెలుస్తుంది. మిశ్రమ లోహం మారినప్పుడు రంగు తిరిగే తీరు కూడా మారుతుంది. కనుక ఏ నాణేన్నయినా పరీక్షించే ముందు అది ఏ సంవత్సరపు ఏ మిశ్రమమో తెలుసుకోవడం అవసరం.

4. స్థితికి అంకెలు

స్థితిని చెప్పడానికి మొదట మాటలే ఉండేవి. ఇంగ్లండులోనూ దాని వెంట మన దేశంలోనూ ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అన్న మెట్లు స్థిరపడ్డాయి. మన సేకర్తలూ వ్యాపారులూ ఈనాటికీ ఈ మాటలనే వాడుతున్నారు. వీటిలో 'ఫైన్' అన్న మాట కొత్తవారిని మోసగిస్తుంది. అది మేలైనదని కాదు, బాగా అరిగినదని అర్థం. పైన ఇంకా రెండు మూడు మెట్లు ఉన్నాయి.

1 నుంచి 70 వరకు అంకెలు వేసే పద్ధతిని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తన గ్రంథంలో ప్రతిపాదించాడు. అది తొలినాళ్ల అమెరికన్ రాగి సెంట్లను గురించిన పుస్తకం. ఒక నాణెం గుర్తుపట్టగలిగే కనీస స్థితిలో ఉంటే ఒక డాలరు విలువ చేస్తుందనుకుంటే, ఏ లోపమూ లేని అదే నాణెం డెబ్బై డాలర్లు చేస్తుందన్నది ఆనాటి ధరలనుబట్టి ఆయన కట్టిన లెక్క. ఆ ధరలు ఎంతోకాలం నిలవలేదు, అంకెలు మాత్రం నిలిచిపోయాయి. 1970లలో అమెరికన్ నాణేల సంఘం వాటిని అన్ని లోహాల నాణేలకూ విస్తరించింది. 1986, 1987లలో పుట్టిన వాణిజ్య సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ కోశంలో మూసి ఇచ్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాయి. ఈ కొలమానంలో 60 నుంచి పైవన్నీ చెలామణి కాని నాణేలకు కేటాయించినవి. 50 మొదలు 58 వరకు ఉన్నవి లేశమాత్రం అరిగినవాటికి.

ఈ చరిత్రలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈనాడు స్థితికి శాస్త్రీయమైన కొలతలాగా కనిపించే అంకె మొదట ధరల పట్టికగా పుట్టింది. నీటి ఉష్ణోగ్రత లాగా అది వస్తువులో ఉన్న పరిమాణం కాదు. చూసేవారి మధ్య కుదిరిన ఒప్పందం. ఒప్పందం కావడం దోషం కాదు. ఛందస్సూ ఒప్పందమే. కాని ఒప్పందమని మరచి సత్యమనుకుంటే అంకెను చదువుతాం, నాణేన్ని చదవం.

5. నాణేన్ని చదివే క్రమం

మా ఇంటి రెండు నాణేలనూ ముందుంచుకొని ఈ పరీక్షాక్రమాన్ని వివరిస్తాను. అనువైన సాధనాలు తక్కువే: సన్నని తక్కెడ, అయిదు నుంచి పది రెట్లు పెంచి చూపే భూతద్దం, ఒకే దిక్కు నుంచి వచ్చే దీపకాంతి, కింద పరచిన మెత్తని గుడ్డ. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోవాలి. వేలిముద్రలోని చెమట వెండిపై ముద్రగానే మిగిలిపోతుంది.

మొదటిది తూకం. ఇది స్థితి కంటే ముందు అసలుతనాన్ని చెబుతుంది. 15 గ్రాముల నాణెం గణనీయంగా తేలినా బరువెక్కినా ముందు దాని పుట్టుకను శంకించాలి. ఇనప్పెట్టెలోని నాణెం సరిగ్గా తూగింది. పూజలోది కొద్దిగా తగ్గింది. అది చేతులు మారి తగ్గినది కాదు, చేతులు తోమి తగ్గినది.

రెండవది ఎత్తైన స్థానాల పరీక్ష. నాణెం బల్లపై జారినా, మరో నాణేనికి తగిలినా ముందు అరిగేవి బొమ్మలోని ఎత్తులు. రూపచిత్రం ఉన్న ముఖంలో చెంప, కనుబొమ, చెవి అంచు. సింహశీర్షం ఉన్న ముఖంలో సింహాల రొమ్ము, జూలు. ఈ చోట్లు చదునై, మిగిలిన భాగంకంటే మసక రంగులో కనిపిస్తే అరుగుదల ఉందని అర్థం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. అచ్చు పడేటప్పుడు ఒత్తిడి చాలకపోయినా ఇవే చోట్లు చదునుగా వస్తాయి. అరిగిన చోట ఉపరితలం నున్నగా, కాంతిహీనంగా ఉంటుంది. ముద్ర చాలని చోట ఉపరితలానికి ముద్రణకు ముందున్న గరుకుదనం మిగిలి, చుట్టూ ఉన్న మెరుపు తెగకుండా సాగుతుంది. మొదటిది నాణెం బతికిన బతుకు, రెండవది పుట్టుకలోని లోపం. ఈ రెండింటినీ వేరు చేయలేని పరీక్షకుడు కొత్త నాణేన్ని పాతదిగా తీర్పు చెబుతాడు.

మూడవది గాట్లు, గీతలు. టంకశాలలో నాణేలు సంచులలో ఒకదానిపై ఒకటి పడి చిన్న గాట్లు తగులుతాయి. చెలామణికి పోని నాణేనికి కూడా ఇవి ఉండవచ్చు. వీటి సంఖ్య కంటే స్థానం ముఖ్యం. బొమ్మ చెంపపై ఉన్న ఒక్క గాటు, కేశాల మధ్య దాగిన పది గాట్లకంటే ఎక్కువ నష్టం. ఇక సేకర్తల కోసం మెరుగుపెట్టిన అచ్చులతో, ఒకటికి మించిన దెబ్బలతో ప్రత్యేకంగా ముద్రించే ప్రూఫ్ నాణేలు ఉన్నాయి. ప్రూఫ్ అన్నది స్థితి కాదు, తయారీ విధానం. ప్రూఫ్ నాణేన్ని కూడా చేతులారా పాడుచేయవచ్చు.

నాలుగవదీ కష్టమైనదీ మెరుపు. అచ్చుల మధ్య ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం కంటికి ఆనని సన్నని గాళ్లను ఉపరితలంపై మిగులుస్తుంది. దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి తిప్పితే ఈ గాళ్లపై పడిన కాంతి బండిచక్రపు ఆకులలాగా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరిగే కాంతి నాణేనికి పుట్టుకతో వచ్చినది. ఒకసారి పోతే మళ్లీ ముద్రిస్తే తప్ప రాదు. మా నల్లని నాణేన్ని ఇలా తిప్పినప్పుడు, నలుపు కిందినుంచి ఆ చక్రం స్పష్టంగా తిరిగింది. పూజలోని తెల్లని నాణెం అన్ని వైపులా ఒకే తీరున మెరిసింది, కాంతి కదలలేదు. భూతద్దం కింద దానిపై ఒకే దిశలో సాగిన వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. విభూతి పొడి, చింతపండు పీచు యాభై ఏళ్లు రాసిన రాత అది.

అయిదవది రంగు. వెండి గాలిలోని గంధకంతో కలిసి పలుచని పొరను కట్టుకుంటుంది. పొర మందం పెరిగేకొద్దీ లేత పసుపు, ఊదా, నీలం వర్ణాలు కనిపించి చివరికి నలుపు తిరుగుతుంది. కాగితంలో, గుడ్డలో ఉన్న గంధకం ఈ మార్పును త్వరపరుస్తుంది. పొర సమంగా, అంచు నుంచి మధ్యకు క్రమంగా పలచబడుతూ ఉంటే అది సహజం. ముద్రలోని లోతులలో నలుపు, మైదానంలో తెలుపు ఉండి మధ్యలో క్రమం లేకపోతే ఒకప్పుడు తోమిన నాణెం మళ్లీ రంగు తిరిగిందని గ్రహించాలి. నూటికి ఇరవై పాళ్లు రాగి ఉన్న గాంధీ నాణెంలో తేమ తగిలిన చోట ఆకుపచ్చని చిలుము కూడా రావచ్చు. రంగు నాణేన్ని కప్పుతుంది, చిలుము తింటుంది. మొదటిదాన్ని వదిలివేయాలి, రెండవది ఉంటే తెలిసినవారికి చూపాలి.

6. మెరుపు, మెరుగు

తెలుగులో ఈ పరీక్షకు పనికివచ్చే రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మెరుపు తానుగా మెరిసేది. మెరుగు ఒకరు పెట్టేది. మెరుగు పెట్టడం, మెరుగులు దిద్దడం అంటాం. ఈ రెండింటికీ ధాతువు ఒకటే కావచ్చు, కర్త వేరు. పై పరీక్షాక్రమమంతా ఈ రెండు మాటల మధ్య తేడాగా సంగ్రహించవచ్చునని నా ప్రతిపాదన. పైన చెప్పిన స్థితి శ్రేణులన్నీ మెరుపు ఎంత మిగిలిందని అడుగుతాయి. మెరుగు పెట్టిన నాణేనికి ఆ శ్రేణులలో చోటు లేదు. అది ఎంత తెల్లగా ఉన్నా, 'తోమినది' అన్న వేరే మాట చేర్చి చెప్పవలసిందే.

సాహిత్య విద్యార్థికి ఈ తేడా కొత్తది కాదు. సి. పి. బ్రౌన్ తెలుగు కావ్యాల తాళపత్రప్రతులను సేకరించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్చి చూపించిన నాటి నుంచి పాఠపరిష్కరణ మన పరిశోధనలో ప్రధానాంగం. ప్రతిని రాసుకున్నవాడు నిద్రమత్తులో అక్షరం వదిలితే అది అరుగుదల వంటిది. మరో ప్రతితో పూరించవచ్చు. పండితుడు తనకు అర్థంకాని ప్రాచీన రూపాన్ని తప్పనుకొని, వ్యాకరణానికి అనుగుణంగా దిద్ది, పద్యాన్ని నున్నగా చేస్తే అది మెరుగు. చదవడానికి హాయిగా ఉంటుంది. కవి పాఠం మాత్రం పోతుంది. ఎక్కడ దిద్దాడో చెప్పకుండా దిద్దితే పోయిందన్న సంగతి కూడా తెలియదు. సులభమైన పాఠంకంటే కష్టమైన పాఠాన్ని పరిష్కర్తలు ఎందుకు ఆదరిస్తారో, తెల్లని నాణెంకంటే నల్లని నాణేన్ని పరీక్షకులు అందుకే ఆదరిస్తారు. రెండుచోట్లా మచ్చే సాక్ష్యం.

అయితే పూజలో నాణేన్ని తోమడం అజ్ఞానమని నేను అనను. నాయనమ్మగారికి అది సేకరణ వస్తువు కాదు. ఆమె దృష్టిలో మాసిన వెండిని దేవి ముందు పెట్టడం అపచారం. ఆ నాణెం పదవి మారింది: రాజ్యం ఇచ్చిన జ్ఞాపిక గృహంలో పూజాద్రవ్యమైంది. స్థితి శ్రేణిలో దాని స్థానం పడిపోయిందనడం నిజం. ఆ పతనానికి కారణం భక్తి అన్నదీ నిజం. మొదటి నిజాన్ని చెప్పే కొలమానం రెండవదాన్ని చెప్పలేదు.

7. శ్రేణి చెప్పలేనిది, పరీక్షకుడు చెప్పవలసినది

ఈ పరిమితికి మన ప్రాంత చరిత్రలో గొప్ప ఉదాహరణ ఉంది. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేల నిధి దొరికింది. అవి క్షహరాత రాజు నహపానునివి. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల నాణేలపై శాతవాహన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. ఓడిన రాజు ముఖంపై గెలిచిన రాజు గుర్తు పడింది. కేవలం స్థితి దృష్టితో చూస్తే అవి దెబ్బతిన్న బొమ్మలు. చరిత్రకారునికి ఆ దెబ్బే శాసనం. నహపానునిపై శాతకర్ణి విజయానికి ఆ నాణేలు ప్రబలమైన ఆధారమయ్యాయి. వాటిని ఎవరైనా నునుపు చేసి ఉంటే మనకు మిగిలేది కొంత వెండి మాత్రమే.

పరీక్షకుని నిజాయతీ ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. డెబ్బై అంకెల కొలమానాన్ని సృష్టించిన షెల్డన్ 1977లో మరణించాడు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను ఆయన తీసుకొని, వాటి చోట తక్కువ స్థితిలో ఉన్న అవే రకపు నాణేలను ఉంచాడని తరువాత బయటపడింది. నాణేల స్థితిని అందరికంటే బాగా చదవగలిగినవాడే ఆ చదువును ఆ పనికి వాడాడు. రెండు నాణేలూ ఒకే రకానివి కనుక పట్టికలో లోటు కనిపించదు. స్థితిని నాణెం వారీగా రాసి ఉంచిన పాత వివరణలూ చిత్రాలూ ఉన్నచోటే ఇటువంటి మార్పిడి పట్టుబడుతుంది. తప్పు తీర్పు చెప్పిన నాణకపరీక్షికి అత్యధిక దండన విధించిన స్మృతికారుని ఆందోళన ఎంత సకారణమో ఈ ఉదంతం చూపుతుంది. లోహపరీక్షలో అబద్ధాన్ని తక్కెడ పట్టిస్తుంది. స్థితి పరీక్షలో ఆ తక్కెడ పరీక్షకుని కంటిలోనే ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. మన నాణకపరీక్ష సంప్రదాయం లోహశుద్ధిపై నిలిచినది. మన భాషలోని విలువల పదజాలం దాని నుంచి రూపొందింది. స్మారక వెండి నాణెం ఆ కొలతకు లొంగదు, ఎందుకంటే దాని విలువ ఉపరితలంలో ఉంది. ఆ ఉపరితలాన్ని చదివేటప్పుడు పుట్టుకలోపాన్ని అరుగుదల నుంచి, అరుగుదలను తోమడం నుంచి, సహజమైన రంగును చిలుము నుంచి వేరు చేయాలి. అంకెల శ్రేణి ఈ చదువుకు సంక్షేపరూపమే కాని ప్రత్యామ్నాయం కాదు.

మన జిల్లా మ్యూజియంలలోనూ గ్రంథాలయాలలోనూ కుటుంబాల పెట్టెలలోనూ ఉన్న స్మారక నాణేలకు తెలుగులో వివరణలు రాసేటప్పుడు మూడు విషయాలను విడివిడిగా నమోదు చేయడం మేలు: ఎలా ముద్రించినది, ఎంత అరిగినది, తరువాత ఎవరైనా తోమారా. మూడవదానికి ఇప్పటిదాకా వేరే గడి ఉండడం అరుదు. ఇరవై పాళ్ల రాగితో కూడిన పన్నెండు గ్రాముల వెండిగా లెక్కకట్టి నాణేలను కరిగించుకుంటూ పోతే, చదవవలసిన పాఠాలే మిగలవు. వెండి ధర పెరిగినప్పుడల్లా ఈ నష్టం పెరుగుతుంది.

మా ఇంటి నాణేలను అమ్మలేదు. నల్లనిదాన్ని తోమకుండా, గంధకం లేని కాగితంలో చుట్టి, తూకమూ వివరాలూ రాసిన చీటీతో పెట్టెలో ఉంచాము. తెల్లనిది తిరిగి పూజామందిరానికి చేరింది. దానికీ ఒక చీటీ రాశాను. అందులో స్థితి అన్నచోట, తోమినది అని రాసి, దాని పక్కన ఎవరు, ఎప్పుడు, ఎందుకు తోమారో కూడా రాశాను.